నాన్న ఆపేసిన పాట

మాహనీ క్రీక్, పెన్సిల్వేనియా
1943 ఫిబ్రవరి 14, ఆదివారం

మెల్కా,

నిన్న, శనివారం, సాయంత్రం నాలుగూ నలభైకి నాన్న పోయాడు. ఫాదర్ ఇల్లారియన్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. కొండ మీద మంచు గడ్డకట్టి కారు ఎక్కలేదు. ఈ పొద్దున న్యూయార్క్‌లో మీ బ్యాండు దిగిన హోటల్‌కి టెలిగ్రాం ఇచ్చాను. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. మంగళవారం తొమ్మిదింటికి అంత్యక్రియలు. రేపు మధ్యాహ్నం బండెక్కితే అందుకుంటావు.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. క్రిస్మస్ నుంచి ఆయన మంచం వంటింట్లోనే ఉంది, పొయ్యి వేడి తగులుతుందని. గని ఆయాసం ముదిరి తొమ్మిది రోజులుగా లేచి నిలబడలేదు. నీ ప్రోగ్రాం మొదలైన దగ్గర్నుంచి శనివారం నాలుగింటికి రేడియో పెట్టమనేవాడు. పోయిన వారం ఎవరో సెనేటర్ ఉపన్యాసం పెట్టి మీ ప్రోగ్రాం ఎత్తేశారు. అయినా నాలుగున్నరదాకా రేడియో ఆపనివ్వలేదు.

నిన్న "ఇప్పుడు మిస్ లారెల్ డీన్ పాడతారు" అన్నాడు రేడియోవాడు. ఏదో నెమ్మది పాట. నాన్న లేచి కూర్చున్నాడు. వద్దన్నా దిగాడు. నాలుగడుగులు వేసి రేడియోలో శబ్దం వచ్చేచోట ఉన్న గుడ్డకి చెవి ఆనించి నిలబడ్డాడు. సగం పాట విన్నాడు. తర్వాత మీట తిప్పి ఆపేశాడు.

"ఏమయ్యా, పిల్ల పాడుతుంటే ఆపేశావేం?" అంది అమ్మ.

చాలన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు నాలుగూ పది. అంతే, మళ్లీ ఇటు తిరగలేదు.

నువ్వు డాన్సు బ్యాండులో చేరినప్పుడు చర్చిలో పాట ఎత్తుకునేవాడి కూతురు బార్లలో పాడుతుందా అని రెండేళ్లు నీ పేరెత్తలేదు కదా. రేడియో వల్ల ఆ కోపం పోయిందనుకున్నాం. పోలేదంటోంది అమ్మ. నేను ఏమీ అనను. నువ్వు రా.

అక్క,
తెక్లా


మాహనీ క్రీక్
ఫిబ్రవరి 17

మిస్ లారెల్ డీన్ గారికి,

పేరు అలాగే రాశాను. దండ మీద నువ్వు రాయించుకున్న పేరు అదే కదా.

నిన్న ఎనిమిదిన్నరకు పూలకొట్టు బండి వచ్చింది. మనిషెత్తు తెల్లపూల దండ, మధ్యలో వెండిరంగు రిబ్బను, దాని మీద పేర్లు. "లారెల్ డీన్, వారెన్ కెట్రిడ్జ్ ఆర్కెస్ట్రా సభ్యులు." దానితో టెలిగ్రాం: పని ఒత్తిడి వల్ల రాలేకపోతున్నాను, సానుభూతి. కన్నతండ్రి పోతే కూతురు సానుభూతి చెబుతుందా మెల్కా? ఆ మాట బ్యాంకు మేనేజరు చెబుతాడు.

అమ్మ దండను వసారా మెట్ల మీద నుంచి మంచులోకి తోసేసింది. పక్కింటి హుడాక్ పిన్ని రిబ్బను తీసి దాచుకుంది, దేనికో పనికొస్తుందని.

శవపేటిక దగ్గర పాట ఎత్తుకునేవాళ్లు లేరు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయనే ఎత్తుకున్నాడు, ఇంకొకరికి అలవాటు లేదు. మన చర్చిలో ఆర్గన్ ఉంటే అదైనా మోగేది. ఫాదర్ మొదలుపెట్టాడు, శ్రుతి ఎక్కువైంది, జనం మధ్యలో ఆగిపోయారు. నువ్వుంటే అందుకునేదానివి. చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడిందానివి నువ్వే.

నీ పాట విని ఆయన పోయాడని అమ్మ అంటే మొన్నటిదాకా కాదన్నాను. ఇవాళ అనను.

ఇక రాయకు.

తెక్లా


పీక్స్‌కిల్, న్యూయార్క్
ఫిబ్రవరి 26, శుక్రవారం

అక్కా,

నువ్వు 14న నా అసలు పేరుతో రాసిన ఉత్తరం హోటల్ నుంచి తిరిగి తిరిగి నిన్న మధ్యాహ్నం నా చేతికొచ్చింది. మూడుసార్లు చదివాను. నాన్న పోయిన సంగతి నాకు తెలిసింది నిన్ననే. ఏ టెలిగ్రామూ నాకు అందలేదు.

రాయకూడని విషయం రాస్తున్నాను. 13న పాడింది నేను కాదు.

పోయిన నవంబరులో నా గొంతు జీరబోయింది. అప్పుడు సినిమా హాళ్లలో సినిమాకీ సినిమాకీ మధ్య రోజుకి ఐదు ఆటలు ఆడుతున్నాం. జలుబుతోనే పాడాను. బ్యాండులో బూర ఊదేవాడికి పెదవి పగిలితే పక్కవాడు ఊదుతాడు, పాడే పిల్లకి పక్కన ఎవరూ ఉండరు. మొదటి పాట నుంచి చివరి పాటదాకా వేదిక మీద కుర్చీలో నవ్వుతూ కూర్చోవాలి, వంతు వచ్చినప్పుడు లేవాలి. జనవరి 30న నేను పాడిందే ఆఖరు. ఫిబ్రవరి 2న ఆపరేషన్ చేసి గొంతులో రెండు కాయలు తీశారు. ఆరు వారాలు గుసగుస కూడా పనికిరాదన్నారు. ఈ ఊళ్లో అద్దె గదిలో ఉంచారు. పలక మీద రాసి మాట్లాడుతున్నాను. ఇంటావిడ నాకు చెముడు కూడా ఉందనుకుని అరిచి చెబుతుంది.

లారెల్ డీన్ అనే పేరు నాది కాదు, బ్యాండు యజమాని కెట్రిడ్జ్ సొత్తు. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో అలాగే ఉంది. నా కుర్చీలో ఇప్పుడు నెబ్రాస్కా నుంచి వచ్చిన నోరీన్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లను కూర్చోబెట్టారు. పేరు అదే ఉంచారు. రేడియోలో మొహం కనబడదు. నేను బాగయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదన్నది షరతు. చెబితే వైద్యం ఖర్చూ ఉండదు, కుర్చీ కూడా ఉండదు. అందుకే మీకూ రాయలేదు.

ఇప్పుడు ఒక్కటే అడుగుతాను, గుర్తుచేసుకుని చెప్పు. ఆపేముందు నాన్న చెయ్యి ఏం చేసింది? నాకొకటి అనుమానంగా ఉంది. నువ్వు చెప్పేదాకా రాయను.

ఇక్కడ నది ఒడ్డున మంచుగడ్డ కరుగుతోంది. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ
మెల్కా


మాహనీ క్రీక్
మార్చి 7, ఆదివారం

మెల్కా,

ముందు నా తప్పు చెబుతాను. 17న నీకు ఇంకో ఉత్తరం రాశాను. ఆ పేరుతో, ఆ హోటల్‌కే. నీకు అందలేదని ఇప్పుడర్థమైంది. అందులో రాయకూడని మాటలున్నాయి. అది ఎవరు విప్పి చదివారో ఏమో. దండ నువ్వు పంపలేదు, అవునా? ఒక్క మాట రాయి.

నాన్న చెయ్యి గురించి. కుడిచేతి చూపుడువేలితో రేడియో చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగాడు, మళ్లీ కొట్టాడు. తర్వాతే మీట తిప్పాడు. మనిద్దరం చర్చి పాటల తరగతిలో కూర్చున్నప్పుడు బల్ల మీద కొట్టినట్టే. మాట పూర్తికాకుండా మధ్యలో ఊపిరి పీల్చుకున్న పిల్ల ముందు అలా కొట్టేవాడు. నా ముందు ఎన్నిసార్లు కొట్టాడో నీకు తెలుసు. నీ ముందు ఎప్పుడూ కొట్టలేదు.

అంటే అది నువ్వు కాదని ఆయనకి తెలిసిపోయింది. వేరే పిల్ల గొంతు నీ పేరుతో వస్తోందని తెలిసి ఆపేశాడు. కోపం నీ మీద కాదు. నీకేదో అయిందని అనుకుని పోయాడేమో, అది నాకింకా బాధగా ఉంది.

నిన్న అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. షరతు సంగతి తెలుసు, అయినా అమ్మకి చెప్పకుండా ఎలా? పిండి కలుపుతూ విన్నది. చివరికి అంది:

"రేడియోవాడికేం అవసరమే, లేని మనిషి పేరు చెప్పడానికి? దేశమంతా వింటుంది. తప్పు మీదేసుకోలేక కథ అల్లింది."

"ఆసుపత్రి కాగితం పంపమంటానమ్మా."

"కాగితాలు నాకు చెప్పకు. మీ మామ గని కప్పు కూలి చచ్చినప్పుడు కూడా కాగితం ఇచ్చారు, ఆయన తప్పేనని. మీ నాన్న చివరిసారి ఏం చేశాడో నా కళ్లతో చూశాను. అది కాగితం కాదు."

హుడాక్ పిన్ని కాఫీ తాగుతూ, "గొంతులో కాయలేంటే, చెట్టా?" అంది. నేను తలుపు చూపించాను.

రేపటినుంచి లెంట్, ఈస్టర్ దాకా ఉపవాసాలు. ఫ్యాక్టరీలో పారాచూట్ గుడ్డ కుడుతున్నాం, వారానికి ఆరు రోజులు. ఏడవకు, గొంతుకు మంచిది కాదు.

అక్క


పీక్స్‌కిల్
మార్చి 16, మంగళవారం

అక్కా,

దండ నేను పంపలేదు. నీ 17వ తేదీ ఉత్తరం మొన్న చదివాను. బ్యాండు మేనేజరు సాల్ పిన్‌స్కర్ స్వయంగా తెచ్చాడు, కవరు విప్పేసి ఉంది. విప్పింది నోరీన్. తనకే అనుకుంది, పేరు తనదే కదా. ఎవరి తండ్రినో తను పాడి చంపానని అర్థం చేసుకుని రెండు ఆటలు పాడలేకపోయిందట.

నువ్వు రాసిన మాటల గురించి వదిలేయి. నీ చోట ఉంటే నేనూ రాసేదాన్ని.

సాల్ కుర్చీ అంచున కూర్చుని టోపీ తిప్పుతూ చెప్పాడు. "టెలిగ్రాం నేనే ఆపానమ్మాయ్. ఏడిస్తే పుండు తిరగబెడుతుందన్నాడు డాక్టరు. నాన్న ఒకసారే పోతాడు, గొంతూ ఒకసారే పోతుంది. రెండూ ఒకే వారంలో ఎందుకని ఆపేశా. దండా, సానుభూతి టెలిగ్రామూ నేనే పంపించా."

పలక మీద రాశాను: "అది నన్ను అడగాలి."

"నువ్వు మాట్లాడకూడదు కదా, ఎలా అడగను?" అన్నాడు. ఎగతాళికి కాదు. నిజంగానే అలా అనుకున్నాడు.

నిన్న డాక్టరు చూశాడు. ఆరు వారాలు అయిపోయాయి, మాట్లాడొచ్చన్నాడు. మాట వస్తోంది, బొంగురుగా. పాడి చూడమన్నాడు. కింద ఐదు స్వరాలు పలికాయి. ఆ పైన గాలి. ఎడమవైపు మచ్చ కట్టిందట. దాన్ని మళ్లీ కోయగలిగిన వైద్యుడు ఫిలడెల్ఫియాలో ఒకడున్నాడు. సాల్ జూన్ 8కి అతని దగ్గర తేదీ తీసుకున్నాడు. ఖర్చు కెట్రిడ్జ్‌ది. అది జరిగితే పాడతానని హామీ లేదు. జరగకపోతే పాడనని మాత్రం హామీ ఉంది.

దానికి బదులు నేనొకటి చేయాలి. ఈస్టర్ సోమవారం బ్యాండు మనకు ఆరు మైళ్లలో ఉన్న లేక్‌వ్యూ పార్కు డాన్సు హాల్లో ఆడుతోంది. ఉపవాసాలు అయిపోయిన మొదటి డాన్సు, హాలు నిండుతుంది. "మన బొగ్గు గనుల పిల్ల లారెల్ డీన్" అని ఒప్పందంలో రాసి ఉంది. అక్కడ నోరీన్‌ను చూపిస్తే నాతో చదువుకున్నవాళ్లు గుర్తుపట్టేస్తారు. అందుకని వేదిక మీద నేను నిలబడాలి. నా మైకులో కరెంటు ఉండదు. నోరీన్ వెనక తెరచాటున ఇంకో మైకు దగ్గర పాడుతుంది. నేను పెదవులు కదపాలి. మూడు పాటలు.

సరేనన్నాను. అక్కా, ఇంకేం చేయమంటావు? ఇరవై నాలుగేళ్లు నాకు. పాడటం తప్ప ఏ పనీ రాదు.

అమ్మను మాత్రం ఆ సాయంత్రం ఇంట్లోనే ఉంచు. మర్నాడు, మంగళవారం, నేను ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని ఈ గొంతుతోనే అంతా చెబుతాను. అప్పుడైనా నమ్ముతుందేమో.

మెల్కా


మాహనీ క్రీక్
ఏప్రిల్ 4, ఆదివారం

మెల్కా,

అమ్మను ఇంట్లో ఉంచడం నా చేతిలో లేదు. ఎందుకో చివర్న చెబుతాను.

మార్చి 24న నలభయ్యో రోజు ప్రార్థన జరిగింది. ఫాదర్ చదవడానికి ఇంటివాళ్ల పేర్ల చీటీ అమ్మే చెప్పి రాయించింది. నీ పేరు చెప్పలేదు. "మెలానియా?" అని ఫాదర్ అడిగాడు. "రాయకండి" అంది. ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఆ మాట నీకు రాయక తప్పదు. భోజనాలకి నలభై మంది వచ్చారు. చక్కెర రేషను కూపన్లు చాలక హుడాక్ పిన్ని తనవి ఇచ్చింది. ఆవిడ నోరు చెడ్డది గానీ చెయ్యి మంచిది.

పోయిన వారం పోస్టర్లు అంటించారు. కసాయి కొట్టు కిటికీలో, బస్సు స్టాపులో, మా ఫ్యాక్టరీ గేటు దగ్గర. నీ బొమ్మ ఉంది, జుట్టు ఎత్తి కట్టుకుని. కుట్టుపని ఆడవాళ్లు ముప్పై టిక్కెట్లు కొన్నారు. "మీ చెల్లి ముందు వరసలో కూర్చోబెడుతుందా తెక్లా, లేక దూరం నుంచే సానుభూతి చెబుతుందా?" అని ఒకతె అంది. ఆ టెలిగ్రాం సంగతి ఊరంతా పాకింది.

ఇప్పుడు అమ్మ సంగతి. మొన్న గురువారం పోస్టరు ముందు చాలాసేపు నిలబడి ఇంటికొచ్చింది.

"నేనొస్తాను" అంది.

"డాన్సు హాలుకా? ఏడాది మైల ఉండగా?"

"నల్లబట్టలతోనే వస్తా. డాన్సు చేయడానికి కాదు. దాని నోరు చూడ్డానికి."

"అంటే?"

"అది పాడలేదని రాసింది కదా. గొంతు కోశారని రాసింది కదా. మీ నాన్న ఆపేసింది ఏ పాటో, ఏ గొంతో నాకు గుర్తే. ఆ గొంతు దాని నోట్లోంచి వస్తే అబద్ధమాడినట్టు. అప్పుడు నాకు ఒక్కతే కూతురు. రాకపోతే..." అని ఆగింది.

"రాకపోతే?"

"రాకపోతే, నలభై ఏడు రోజులుగా దాన్ని తిట్టుకుంటున్నందుకు ఫాదర్ దగ్గర మోకరిల్లి చెప్పుకుంటా."

తెర సంగతి, మైకు సంగతి చెప్పాను. "అన్నిటికీ ఒక కథ ఉంటుంది దానికి" అంది. అంతటితో సరి.

నువ్వు పెదవులు కదిపితే అమ్మకి కనిపించేది ఒకటే. కదపకపోతే నీ జూన్ పోతుంది. ఇలా చెయ్యమని నేను అనను. అనే హక్కు నాకు లేదు. అమ్మ వస్తుందన్నది మాత్రం నీకు తెలియాలి.

అక్క,
తెక్లా


న్యూయార్క్
ఏప్రిల్ 19, సోమవారం

అక్కా,

పది రోజులుగా జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ రిహార్సల్స్‌లో ఉన్నాను.

నోరీన్‌ను కలిశాను. నా పాత నీలం గౌను వేసుకుంది, నడుము దగ్గర బిగించి కుట్టారు. నన్ను చూసి మొదటిమాట, "మీ నాన్నగారి సంగతికి క్షమించండి" అంది. నీ తప్పేం లేదన్నాను. నా గొంతు విని మొహం పాలిపోయింది. తన భవిష్యత్తు విన్నట్టుంది. ఈమధ్య పొద్దున్నే గొంతు పట్టేస్తోందట, ఎవరికీ చెప్పలేదట. చెప్పమన్నాను. "చెబితే ఎలా?" అంది. నిజమే, నేనూ చెప్పలేదు.

గదిలో పెద్ద అద్దం పెట్టారు. నేను అద్దం ముందు, నోరీన్ తలుపు వెనక. వారం రోజులు అదే పని. మాటలు కుదిరాయి. ఊపిరి కుదరలేదు. నేను వాక్యం చివరిదాకా లాగుతాను. తను మధ్యలో మాట విరిచి పీల్చుకుంటుంది. గొంతు ఆగినచోట నా ఛాతీ ఆగకపోతే ముందు వరసకి తెలిసిపోతుందన్నాడు సాల్. "ఇక్కడ పీల్చు, ఇదిగో ఇక్కడ" అని పెన్సిలుతో కాగితం మీద గీత పెట్టాడు. నెమ్మది పాట, రెండో చరణం, రెండు గీతలు. నాన్న వేలితో కొట్టినవి ఆ రెండేనేమో అక్కా. అక్కడ ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను. శనివారానికి బాగా వచ్చింది. కెట్రిడ్జ్ చప్పట్లు కొట్టాడు.

ఆ మధ్యాహ్నం సాల్‌ని అడిగాను, ముందుగా మా అమ్మ ఒక్కదానికి అసలు సంగతి మీ నోటితో చెప్పగలరా అని. "పిల్లా, అమ్మకి చెబితే ఊరికి చెప్పినట్టే. నాకూ ఒక అమ్మ ఉంది" అన్నాడు. ఇంకొకరి మాట అమ్మ నమ్మేదీ కాదు.

జూన్ 8 గురించి ఆలోచించాను. ఆ వైద్యుడు చేసిన ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని అని డాక్టరుని అడిగాను. పదకొండు. అందులో తిరిగి పాడినవాళ్లు నలుగురు. ఈ లెక్క నీకు తెలియాలని రాస్తున్నాను, తేలిగ్గా తీసుకున్నానని అనుకోకు. ఆ నలుగురిలో ఒకతెను కావాలని నాకు చాలా ఉంది.

నేను నోరు తెరవను. మొదటి పాటలో కూడా కాదు. మైకు దగ్గరకు వెళ్తాను, చేతులు కిందికి వదిలి పెదవులు మూసుకుని నిలబడతాను. వెనక నుంచి పాట వస్తుంది. నోరీన్‌కి తెర అవతల ఏమీ కనబడదు కాబట్టి కనీసం ఒక చరణమైనా పాడుతుంది. అమ్మకి ఆ చరణం చాలు. ఆ తర్వాత కెట్రిడ్జ్ ఏం చేస్తాడో నాకు తెలియదు. నోరీన్‌కి ముందు చెప్పలేకపోతున్నాను, అది నా మీదే ఉంటుంది.

కుట్టుపని ఆడవాళ్లందరి ముందు జరుగుతుంది. నిన్ను వాళ్లు ఏమైనా అంటే అననీ.

ఇప్పుడు సంగతులు రాసుకో. ఈస్టర్ సోమవారం, 26. బస్సు ఐదున్నరకు పార్కు వెనక గేటు దగ్గరకు వస్తుంది, అక్కడికి రావద్దు, మాట్లాడనివ్వరు. మైకులు ఆరింటికి సరిచూస్తారు. తలుపులు ఏడింటికి తీస్తారు. అమ్మకి కుర్చీ ఎడమవైపు అడగండి, కుడివైపు డ్రమ్ముల వల్ల నా మొహం కనబడదు. ఎనిమిదికి బ్యాండు మొదలవుతుంది. మొదటి నాలుగూ డాన్సు పాటలు. నన్ను ఎనిమిదీ ఇరవైకి కుర్చీలోంచి లేపుతారు.

మెల్కా